టోపీ కింద స

వాణి మేడమ్ మాట మధ్యలో ఒక్క క్షణం ఆగిందంటే, రాబోయే మాటలో 'స్త' ఉందని అర్థం. "నేను రేపు వ... స్తాను", "మీరంతా చూ... స్తున్నారా" అనేది. బురద దాటేముందు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటామే, ఆ అక్షరం దగ్గర ఆవిడ నాలుకని అలా ఎత్తి పట్టుకునేది. టెక్కలిలో మా జూనియర్ కాలేజీకి ఫ్రెంచి చెప్పడానికి వచ్చి నాలుగేళ్ళయింది. ఈ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టింది నేనే. ఆ కాలేజీలో అటెండర్ని. గంట కొడతాను, రిజిస్టర్లు మోస్తాను, స్టాఫ్ రూముకి టీ పట్టుకెళ్తాను. ఏడో తరగతితో చదువు ఆగింది గానీ నా చెవులు మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

ఆవిడది విశాఖపట్నం అని అందరం అనుకునేవాళ్ళం. ఆవిడా అలాగే అనుకోనిచ్చింది. కాశీబుగ్గలో అద్దెకుంటున్నానని చెప్పేది. ఒకరోజు సైకిల్ స్టాండు వెనక చీపురు కోసం వెళ్తే, గోడ పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది.

"మందేసుకున్నావేటి నాన్నా? బువ్వ తిన్నావా నేదా? నాను సాయంత్రం పలాసలో దిగీసి నీ కాడికే వత్తాను. నువ్వేటీ బెంగెట్టుకోకు."

నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆవిడ తిరిగి చూసి ఫోను కట్టేసింది. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది.

"ఓలమ్మ! మీది మన సైడేనేటి మేడమ్?" అన్నాను.

"కంచిలి దగ్గర పల్లె," అంది మెల్లిగా. "ఎవరికీ చెప్పకు బొడ్డమ్మప్పా." మా వైపు అక్కని అప్ప అంటాం.

తర్వాత కొన్నాళ్ళకి మిగతాదీ తెలిసింది. తండ్రి అప్పన్నకి నాలుగెకరాల కొబ్బరి, కాస్త జీడితోట. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. పొద్దున్న పక్కింటివాళ్ళు ఎవరో ఆటోలో దింపుతారు. సాయంత్రం వాణి కాలేజీ నుంచి వచ్చి ఆయన్ని వెంటబెట్టుకుని కంచిలి బస్సెక్కుతుంది. తల్లి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు.

ఫ్రెంచి ఎలా పట్టుకుందంటారా? విశాఖలో డిగ్రీకి చేరిన రోజు రెండో భాషకి సంస్కృతం వరస పొడుగ్గా ఉందట. ఫ్రెంచి బల్ల దగ్గర ఎవరూ లేరట. హాస్టల్‌కి బస్సు టైమవుతోందని ఖాళీ బల్ల దగ్గరికి వెళ్ళింది. అంతే. అదే రోజు హాస్టల్ మెస్సులో పక్కనున్న అమ్మాయిని "అక్కా, ఏటి సేత్తన్నారు?" అని పలకరించిందట. బల్ల బల్లంతా పడీపడీ నవ్విందట. మూడేళ్ళు ఆ హాస్టల్లో ఆవిడ పేరు ఏటి వాణి. అప్పట్నుంచి కుళాయి దగ్గర బట్టలుతుకుతూ, ఒక్కొక్క జాడింపుకీ ఒక్కొక్క మాట: చేస్తున్నాను, చూస్తున్నాను, వస్తున్నాను. బట్టల మురికితో పాటు ఊరి మాటా వదిలిపోవాలని.

ఎవరికీ చెప్పకు అంది కదా. నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క ఆఫీసు క్లర్కు బాలకృష్ణకి తప్ప. వాడికి కూడా ఎవరికీ చెప్పకనే చెప్పాను. వాడూ అలాగే చెప్పుకుంటూ పోయాడు. వారం తిరిగేసరికి కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన, మా కాలేజీ పిల్లాడి తండ్రి, ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"సారూ, ఫ్రెంచి మేడమ్ కూడా మనలాగే మాటాడతాదట కదా. మరింకేటి ఫ్రెంచి?"

మా కరెస్పాండెంటు రవికుమార్ గారు ఆ మాట పట్టుకున్నారు. వాళ్ళది టెక్కలి చుట్టుపక్కల భూములున్న కుటుంబం, అన్నగారు రాజకీయాల్లో ఉన్నారు. ఈయన మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. వాణిని పిలిపించారు. నేను టీ గ్లాసులు తియ్యడానికి కాస్త ఆలస్యం చేశాను.

"వాణిగారూ, విశాఖ నుంచి ఇంద్రజ గారని రిటైరైన ఫ్రెంచి ప్రొఫెసర్ వస్తున్నారు. వచ్చే గురువారం ఆవిడ ముందు మీరు ఒక క్లాసు చెప్పండి. లాటిన్ నుంచి ఫ్రెంచి మాటలు ఎలా పుట్టాయి, వాటిని ఎలా విడగొట్టాలి, అదే పాఠం. బాగుంటే జూన్ నుంచి మళ్ళీ మీరే. లేకపోతే మేము వేరే వాళ్ళని చూసుకుంటాం. ఏమీ అనుకోకండి, క్లాసులో ఆ యాస మాత్రం వినపడకూడదు."

బయటికొచ్చి వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఇటు ఇచ్ఛాపురం, అటు శ్రీకాకుళం, మధ్యలో ఇంకెక్కడా తనకి ఫ్రెంచి ఉద్యోగం లేదు, నాలుగుచోట్ల అడిగి చూసింది. ఇది పోతే విశాఖే. విశాఖ వెళ్తే అప్పన్నని సాయంత్రం పలాస నుంచి ఇంటికి తీసుకెళ్ళేది ఎవరు?

ఇదంతా నా నోటి వల్లే కదా.

ఆ వారం రోజులూ మధ్యాహ్నం స్టోరు రూములో విరిగిన కుర్చీల మధ్య నన్ను కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పుకుంది. "నీకర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది అప్పా," అంది. అది పొగడ్తో తిట్టో నేను అడగలేదు.

ముందు 'పోర్ట్' అనే ముక్క. లాటిన్లో దానికి మొయ్యడం అని అర్థమట. అదే పప్పు. దాని చుట్టూ పెంకులు మారతాయి. ముందు 'ఎక్స్' పెడితే బయటికి మొయ్యడం. 'ఇం' పెడితే లోపలికి మొయ్యడం. 'ట్రాన్స్' పెడితే ఈ పక్క నుంచి ఆ పక్కకి. నేను కాలేజీకి రాకముందు కాశీబుగ్గలో జీడిపప్పు మిల్లులో ఎనిమిదేళ్ళు డబ్బాలు మోశాను. ప్రతి డబ్బా మీదా ఎక్స్‌పోర్ట్ అనే ఉండేది.

"అంటే నాను అన్నేల్లు ఫ్రెంచి మోసినానన్నమాట," అన్నాను.

ఆ వారంలో ఆవిడ నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత విడగొట్టడం. 'పార్తీర్' అంటే బయల్దేరడం. దాన్ని విడగొట్టమంటే నేను పా, ర్తీ, ర్ అన్నాను. మనకి 'త' కింద 'ర' చేరినా, 'ర' కింద 'త' చేరినా ఒకే అక్షరం కదా. పిల్లలంతా ఇదే తప్పు చేస్తారట. ఫ్రెంచివాళ్ళు పార్, తీర్ అని నడిమికి కొడతారు. "రెండు హల్లులు పక్కపక్కన వస్తే చెరో ముక్కకీ ఒకటి వెళ్తుంది," అంది. "కానీ ర గానీ ల గానీ స్కూటీ మీద వెనక సీట్లో కూర్చుంటే రెండూ కలిసే వెళ్తాయి. పార్తీర్‌లో ర ముందుంది, అందుకని దిగిపోయింది. త్ర అయితే ర వెనక కూర్చుంది. విడదియ్యకూడదు."

ఇదంతా బాగానే ఉంది. భయమంతా మూడోదానితో. కొన్ని ఫ్రెంచి మాటల్లో అచ్చు నెత్తిమీద చిన్న టోపీలాంటి గుర్తుంటుంది. ఆ టోపీ ఉన్నచోట చాలాసార్లు పూర్వం లాటిన్లో ఒక 'స' ఉండేదట. కిటికీని లాటిన్లో ఫెనెస్త్రా అన్నారు. ఫ్రెంచిలో 'స' రాలిపోయి ఫెనెత్ర్ అయింది. పండగ ఫెస్తా, ఫెత్ అయింది. అంటే ఆ పాఠం నిండా ఉన్నది 'స్త'లే.

ఆవిడ నోట్సు చూసి నాకు జాలేసింది. తెలుగు మాటల్లో 'స్త' ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో చుట్టేసింది. 'వస్తుంది' కొట్టేసి 'రావడం' అని రాసింది. 'చూస్తే' కొట్టేసి 'గమనించినప్పుడు' అని రాసింది. అలా మొత్తం పాఠాన్ని గుంటలు తప్పించుకుంటూ వెళ్ళే బస్సులా తయారు చేసుకుంది. ఇన్ని తప్పించినా ఆ లాటిన్ మాటలు తప్పించడానికి లేదు. నిదానంగా అంటే ఫెనెస్త్రా అనే వచ్చేది. కాస్త తొందరపడితే ఫెనెత్త్రా. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"ఏటీ అవదు వాణమ్మా," అన్నాను.

"అవుతుంది అప్పా. భయమేస్తే నా నాలుక ఇంటికి పోతుంది," అంది.

గురువారం వచ్చింది. బుధవారం అప్పన్నకి డయాలసిస్‌లో బీపీ పడిపోయిందట. ఈవిడ మొహం చూస్తే కళ్ళ కింద నల్లగా ఉంది. పొద్దున ఇడ్లీ తెచ్చిపెడితే చట్నీ వైపే చూస్తూ కూర్చుంది, ముట్టలేదు.

ఇంద్రజ మేడమ్ తెల్లటి జుట్టు, నూలుచీర, చేతిలో నల్లటి పర్సు. నవ్వూ లేదు కోపమూ లేదు. చివరి బెంచీలో కూర్చుంది. పక్కన రవికుమార్ గారు కాయితం, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. నేను మంచినీళ్ళ జగ్గు వంకతో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మొదట బాగా సాగింది. ఎక్స్‌పోర్ట్ పెంకు ఒలిచి పప్పు చూపించింది. పార్తీర్ విడగొట్టమంటే యువరాజు లేచి, నాలాగే పా, ర్తీ, ర్ అన్నాడు. యువరాజంటే ఆ క్లాసులో అందరికంటే పొడుగు, అందరికంటే నోరు ఎక్కువ. ఆవిడ స్కూటీ సంగతి చెప్పింది. పిల్లలకి అర్థమైంది. రవికుమార్ గారి పెన్ను కదల్లేదు. నేను కాస్త ఊపిరి వదిలాను.

అప్పుడు బోర్డు మీద రెండు మాటలు రాసింది. పైన ఒకటి, కింద టోపీ ఉన్నదొకటి. వెనక రవికుమార్ గారు గొంతు సవరించుకున్నారు, ఊరికే. ఆ చప్పుడికే ఆవిడ భుజాలు బిగుసుకుపోవడం నాకు గుమ్మం దగ్గర్నుంచి కనిపించింది.

"పైన ఉన్నది లాటిన్. ఫెనెత్రా," అంది గబుక్కున. "కిందది ఫ్రెంచి. ఫెనెత్ర్. వీటిలో ఏమి మారిందో ఒకరు చెప్పండి."

రెండో బెంచీలో హిమజ లేచింది. హిమజదీ మేడమ్ వైపు ఉద్దానమే, ఏదైనా అర్థం కాకపోతే అడిగేదాకా కూర్చోదు.

"మేడమ్, ఏటీ మారనేదు కదా. రెండూ ఒకలాగే సెప్పేరు."

"లేదమ్మా, సరిగ్గా విను. పైన ఫెనె... ఫెనెత్త్రా."

"అదే మేడమ్. కిందా అదే."

"టోపీ ఉన్నాది కదే," అన్నాడు యువరాజు వెనకనించి. "మేడమ్ మనకి టోపీ ఎట్టీసినారు!"

క్లాసంతా గొల్లుమంది. రవికుమార్ గారి పెన్ను కదిలింది. కాయితం మీద ఏదో రాసి దాని కింద గీత కూడా గీశారు.

వాణి మేడమ్ బోర్డు వైపు తిరిగిపోయింది. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. జగ్గులో నీళ్ళు ఒలికి కాళ్ళ మీద పడుతుంటే కూడా తెలియలేదు. పలాసలో ఆసుపత్రి బయట సిమెంటు బల్ల మీద, చేతికి కట్టుతో, ప్రతి బస్సు వైపూ చూస్తూ కూర్చునే ఆ ముసలాయన కళ్ళ ముందు మెదిలాడు. తుడిచేసి ఇంకో మాటకి వెళ్ళిపోతే బాగుండునని మొక్కుకున్నాను. వెళ్ళిపోవచ్చు కూడా. టోపీని బట్టీ పట్టండి అంటే సరిపోతుంది, ఎవరూ అడగరు.

తుడవలేదు. ఇటు తిరిగింది.

"హిమజా," అంది. "మీ ఇల్లు కట్టినాయన్ని మీ అమ్మ ఏటని పిలుత్తాది?"

క్లాసులో నవ్వు ఠక్కున ఆగిపోయింది. నాలుగేళ్ళలో ఆ గోడల మధ్య ఆవిడ నోట ఆ మాట వినలేదెవరూ.

హిమజ బిత్తరపోయింది. "మేత్తిరి అంటాది మేడమ్."

"పుస్తకంలో ఎలాగుంటాది?"

"మేస్త్రి."

"మరి స ఏటైపోనాది?"

"పోనాది మేడమ్."

"ఎవులు తీసేరు?"

"ఎవులూ తియ్యనేదు. అలగే పోనాది."

"ఫ్రెంచోల్లకీ అలగే పోనాది," అంది. చాక్‌పీసు రెండు ముక్కలైంది చేతిలో. "స పోతే మనం త మీద గట్టిగా నొక్కుతాం. వత్తాను, సేత్తాను అంటాం. ఆల్లు ముందున్న అచ్చుని సాగదీసేరు. తరవాత, ఇక్కడొక స ఉండేదని మర్సిపోకండా దాని నెత్తిన టోపీ ఎట్టేరు. ఇందాక నాను రెండూ ఒకలాగే సెప్పేను. తప్పు నాదే. లాటిన్‌ది ఫెనెస్త్రా. నా నోరు దాన్ని ముందే ఫ్రెంచి సేసీసింది."

చివరి బెంచీలో పర్సు మూత చప్పుడైంది. ఇంద్రజ మేడమ్ కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"తుపానప్పుడు వార్తల్లో ఏటంటారు?" అని అడిగింది వాణి. "ఏ ఆంధ్ర?"

"కోస్తా ఆంధ్ర!"

"మీ తాతేటంటాడు?"

"కోత్తా!" క్లాసంతా ఒక్కసారే.

ఆవిడ బోర్డు మీద రాసింది. లాటిన్లో కోస్తా అంటే పక్కటెముక, పక్క అని అర్థమట. సముద్రం పక్క కాబట్టి తీరానికి ఆ పేరొచ్చింది. దాని కింద ఫ్రెంచి మాట రాసి, కోత్ అని చదివి, ఓ మీద టోపీ గీసింది. పిల్లలు టోపీ గీస్తుంటేనే 'స పోనాది' అని అరిచారు.

ఇంకొకటి. తలకాయ. లాటిన్లో తెస్తా అంటే కుండ అట. వేళాకోళానికి తలని కుండ అని, అని, చివరికి అదే పేరైపోయిందట. ఫ్రెంచిలో తెత్, మళ్ళీ టోపీ.

"మా నాన్న నన్ను కొబ్బరిబుర్రా అన్నట్టా మేడమ్?" అన్నాడు యువరాజు.

"అలగే నాయినా. నీ బుర్రకి టోపీ కూడా ఉన్నాది," అంది.

చివరికి హిమజని లేపి కిటికీని విడగొట్టమంది. ఆ పిల్ల చేత్తో గాల్లో కొడుతూ చెప్పింది. "ఫె. నె. త్ర్." ఎందుకు త్ర విడదియ్యలేదే అంటే, "ర ఎనక సీట్లో కూకున్నాది మేడమ్."

అప్పుడు గుర్తొచ్చింది, నేను గంట కొట్టాలని. పది నిమిషాలు దాటిపోయింది. పరిగెత్తాను.

క్లాసు అయ్యాక వాణిని ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, రవికుమార్ గారూ ఇంద్రజ మేడమూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. చేతికంటిన చాక్‌పీసు పొడిని ఆవిడ చీర కొంగుకి రాస్తూనే ఉంది.

"మేడమ్, ఆ మాట మీది కంచిలని... బాలకృష్ణకి నానే సెప్పీసినాను," అన్నాను. కడుపులో ఉంచుకోలేకపోయాను.

"తెలుసప్పా," అంది. కోపం లేదు. మెల్లిగా మళ్ళీ అంది, "నాన్నని విశాఖ తీసుకుపోతే అక్కడ డయాలసిస్‌కి మంచం దొరుకుతాదంటావా?"

టీ తెస్తానని కదిలాను. ట్రే పట్టుకుని వచ్చేసరికి ఆవిడని లోపలికి పిలిచారు. ట్రేతో పాటు నేనూ వెళ్ళాను.

"వాణిగారూ, నేనేమని చెప్పాను?" రవికుమార్ గారు కాయితం మీద వేలు పెట్టి అడుగుతున్నారు. "యాస వినపడకూడదన్నాను. మీరు నోరు జారితే సరే అనుకుందును. మీరు కావాలని మాట్లాడారు. రేపు తల్లిదండ్రులు వచ్చి నన్ను నిలదీస్తే నేనేం జవాబు చెప్పాలి?"

ఆవిడ తల వంచుకుని నిలబడింది. అది చూసి ఆయనకి ఇంకా మండింది.

"పలకవేటి? ఇది కాలేజీ అనుకున్నావా, కంచిలి సంత అనుకున్నావా? క్లాసులో ఏటి సేత్తన్నావమ్మా నువ్వు?"

ఇంద్రజ మేడమ్ నా ట్రేలోంచి టీ అందుకుని ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"రవికుమార్ గారూ, మీ స ఎక్కడికి పోయింది?"

ఆయన కాయితం మీది వేలు తీసేశారు. చెవులు ఎర్రబడ్డాయి. నేను గోడ వైపు తిరిగి క్యాలెండరు చూశాను, నవ్వితే నా ఉద్యోగం కూడా పోతుందని.

ఇంద్రజ మేడమ్ మాత్రం నవ్వలేదు. వాణి వైపు తిరిగి, "నీ రాత మరీ చిన్నది, చివరి బెంచీకి కనిపించలేదు," అంది. "కోస్తా దగ్గర ఇంకో ఉదాహరణ ఇవ్వాల్సింది, తొందరపడ్డావు. కంగారులో లాటిన్ మాట తప్పు పలకడం కూడా లోటే, అది దిద్దుకోవాలి." ఒక్కొక్క మాటకీ వాణి ఇంకా కుంచించుకుపోతోంది. అప్పుడు ఆయన వైపు తిరిగింది. "నేను ముప్ఫై ఏళ్ళు ఆ టోపీని బట్టీ పట్టించాను. ఒక్కళ్ళు కూడా అది ఎందుకుందో పట్టుకోలేదు. ఈ రోజు నలభై మంది పట్టుకున్నారు. నా అభిప్రాయం రాశాను, చదువుకోండి," అని మడతపెట్టిన కాయితం ఆయన ముందుకి జరిపింది.

ఆయన చదివారు. మళ్ళీ మొదట్నుంచి చదివారు. అందులో ఏముందో నాకు తెలియదు, ఇంగ్లీషు రాత నాకు తిన్నగా పట్టుకున్నా రాదు. వాణి చేతులు మాత్రం కొంగుని మెలిపెడుతూనే ఉన్నాయి. చివరికి ఆయన తన కాయితం, గీత గీసిందే, నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసేశారు.

"జూన్ ఒకటో తారీకున కాలేజీ తెరుస్తాం," అన్నారు కిటికీ వైపు చూస్తూ. ఆగి, నాలుకని ఎత్తి పట్టుకుని, జాగ్రత్తగా అన్నారు. "మీరు వ... స్తారా?"

"వత్తాను సార్," అంది వాణి, ఎక్కడా ఆగకుండా.